సాంతా ప్రిస్కా రిఫరీ కూతురు

మెక్సికో నగరం
1971 జూలై 11, ఆదివారం

నాన్నగారికి,

ముందు సంగతి చెప్పేసి, క్షేమ సమాచారాలు తర్వాత అడుగుతాను. ఏమీ అనుకోకండి. నన్ను దేశం జట్టులోకి తీసుకున్నారు. పద్దెనిమిది మందిలో నాది పదిహేడో పేరు. పద్దెనిమిదో పేరు మూడో గోల్‌కీపర్‌ది. కాబట్టి గొప్పలు పోవడానికి పెద్దగా ఏమీ లేదని మీరనకముందే నేనే అనేస్తున్నాను.

వచ్చే నెల పదిహేనున మొదలవుతుంది పోటీ. అర్జెంటీనా, ఇంగ్లండ్, డెన్మార్క్, ఫ్రాన్స్, ఇటలీ, మనం. అంతా ఆడవాళ్ళే. మన ఆటలు అస్తెకా స్టేడియంలో. పోయినేడాది మగవాళ్ళ ప్రపంచకప్పు ఫైనల్ జరిగిన గడ్డి మీదే, నాన్నా! బిస్కెట్ల ఫ్యాక్టరీలో మా మేస్త్రీకి చెబితే, "అస్తెకాలోనా? ఊడ్చడానికా?" అన్నాడు. "కాదండీ, తన్నడానికి" అన్నాను. నవ్వి నెలన్నర సెలవిచ్చాడు.

ఒక తప్పు ఒప్పుకోవాలి. ఇది మీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను. నిన్న మాలో మేమే రెండు జట్లుగా ఆడాం. గోల్ ముందు బంతి నా మోచేతికి తగిలి పక్కకి పోయింది. మా కోచ్ చూడలేదు. నేను నోరు మూసుకున్నాను. మా వైపే గెలిచింది. సాయంత్రమే జాబితా చదివారు. ఆ మోచెయ్యి వల్లే జట్టులోకి వచ్చానేమోనని మనసు పీకుతోంది.

అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? సైకిళ్ళ కొట్టుకి వానకాలం బేరాలు తగ్గాయా? నేను ఇక్కడ దోన్యా హెర్మెలిందా పూటకూళ్ళ ఇంట్లోనే ఉన్నాను. ఆవిడ చిక్కుళ్ళలో ఉప్పు వేయడం మానేసింది, నాకు బీపీ వస్తుందట, ఇరవై ఏళ్ళకే.

మీ
ఒతీలియా

---

సాంతా ప్రిస్కా
జూలై 16

ఒతీ,

ఉత్తరం అందింది. పదిహేడో పేరైనా పేరే. మీ అమ్మ రెండుసార్లు చదివించుకుని, మూడోసారి తనే చదువుకుంది.

మోచేతి సంగతి. రిఫరీ చూడకపోయినంత మాత్రాన తప్పు తప్పు కాకుండా పోదు. అయితే ఈల మోగేవరకు ఆడమని కూడా చట్టమే చెబుతోంది. ఇప్పుడు ఆట అయిపోయింది కాబట్టి వెళ్ళి మీ కోచ్‌కి చెప్పెయ్. జాబితాలోంచి తీసేస్తే తీసేస్తాడు. తీసేయకపోతే ఇక హాయిగా నిద్రపోతావు. రెండిట్లో ఏది జరిగినా నీకు లాభమే.

ఇరవై రెండేళ్ళుగా ఆదివారాలు ఈల ఊదుతున్నాను కాబట్టి ఇంకో మాట. నువ్వు ఎనిమిదేళ్ళప్పుడు గీత పక్కన జెండా పట్టుకుని నా వెనకాల పరిగెత్తిన నాటి నుంచీ చూస్తున్నాను. ఆఫ్‌సైడ్ ఎక్కడో నీ కళ్ళకు తెలుసు. కళ్ళను నమ్ము. పక్కవాళ్ళ అరుపులను కాదు.

మొన్న మా రిఫరీల సంఘం అధ్యక్షుడు, మందులషాపు ఫిదెన్సియో, పంక్చరు వేయించుకోవడానికి వచ్చాడు. నేను ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తున్నాను. నెత్తి మీద నిలబడి, "ఏమయ్యా ఎవరిస్తో, మీ అమ్మాయి పట్నంలో నిక్కరేసుకుని గెంతుతోందటగా?" అన్నాడు.

"గెంతడం కాదు. అడ్డుకోవడం. బ్యాక్ ఆడుతుంది."

"నువ్వేమీ అనవా దాన్ని?"

"ఎందుకనను? బంతి కోసం అంత తొందరపడొద్దని పదేళ్ళ నుంచి అంటూనే ఉన్నా."

పంక్చరుకి డబ్బులిచ్చి గొణుక్కుంటూ వెళ్ళాడు. మంచి రిఫరీయే ఒకప్పుడు. ఇప్పుడు పరిగెత్తలేక మైదానం మధ్య నిలబడి తీర్పులు చెబుతాడు. మనిషి మైదానం బయట కూడా అలాగే తయారయ్యాడు.

మీ అమ్మ మోకాలు బాగానే ఉంది. చిక్కుళ్ళలో ఉప్పు అడిగి వేయించుకో.

ఎవరిస్తో సముదియో

---

మెక్సికో నగరం
జూలై 28

నాన్నగారికి,

కూతురికి రాసే ఉత్తరం కింద ఇంటిపేరుతో సహా సంతకం పెట్టే తండ్రి దేశంలో మీరొక్కరేనేమో. మ్యాచ్ రిపోర్టు అనుకున్నారా?

కోచ్‌కి మోచేతి సంగతి చెప్పాను. ఆయన తలెత్తి చూసి, "నాకు కనపడింది. నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నా" అన్నాడు. జాబితాలోనే ఉన్నాను.

ఇక్కడ హడావుడి చెప్పలేను. గోల్ స్తంభాలకు గులాబీరంగు చారలు వేశారు. మేం ఆడవాళ్ళమని బంతికి తెలియాలి కాబోలు! బట్టలు మార్చుకునే గది పక్కన జడలు వేసేవాళ్ళని కూర్చోబెడతారట. మా కెప్టెన్, "నాకు జడ కాదు, పిక్కలు పట్టేవాళ్ళు కావాలి" అంది. నిన్న ఒక విలేకరి వచ్చి నన్ను అడిగాడు, "పెళ్ళయ్యాక కూడా ఆడతారా సెన్యొరీతా?"

"మీకు పెళ్ళయిందాండీ?"

"అయింది."

"మరి ఇంకా రాస్తున్నారుగా?"

అది మాత్రం పత్రికలో వేయలేదు. నా కళ్ళు బాదంపప్పుల్లా ఉన్నాయని వేశాడు.

ఇందులో రెండు టిక్కెట్లు పెడుతున్నాను. ఆగస్టు పదిహేను, అర్జెంటీనాతో మొదటి ఆట. శనివారం రాత్రి బస్సెక్కితే పొద్దున్నకి దిగుతారు. అమ్మ కాళ్ళు చాపుకోవడానికి ముందు వరుస సీటు పట్టండి. మీరు వస్తే నేను బెంచీ మీద కూర్చున్నా మైదానంలో ఉన్నట్టే.

మీ రాక కోసం చూస్తూ
ఒతి

---

సాంతా ప్రిస్కా
ఆగస్టు 5

ఒతీ,

టిక్కెట్లు తిరిగి పంపుతున్నాను. తోటి పిల్లల్లో ఎవరి వాళ్ళయినా ఉంటే ఇవ్వు, వృథా చేయకు. పదిహేనో తారీఖు ఆదివారం నాకు ఆట ఉంది. మాట ఇచ్చాను.

అర్జెంటీనా వాళ్ళు చిన్న చిన్న పాసులతో వస్తారు. ముందుకు దూకకు. నిలబడు. వాళ్ళనే రానివ్వు.

మీ అమ్మ జామపండు హల్వా అచ్చులు పోస్తోంది. ఆరాక పంపుతుంది.

ఎవరిస్తో సముదియో

*ఒతీ, అమ్మను. మీ నాన్న ఈ వారమంతా మాట్లాడితే ముత్యాలు రాలతాయన్నట్టు ఉన్నారు. నేను వద్దామనుకున్నాను కానీ ఆయన్ని ఇలా వదిలి రాలేను. నువ్వు బాగా తిను.*

---

మెక్సికో నగరం
ఆగస్టు 17

నాన్నగారికి,

గెలిచాం. మూడు–ఒకటి.

మైదానంలోకి వెళ్ళే సొరంగంలోంచి పైకి వస్తుంటే ముందు చప్పుడు వచ్చింది. తర్వాత వెలుగు. తర్వాత జనం. నాన్నా, మన ఊరి సంత రోజు మొత్తం జనాన్ని తీసుకొచ్చినా ఆ మెట్ల మీద ఒక మూలకి సరిపోరు. నా పక్కన మూడో గోల్‌కీపర్ శిలువ గుర్తు వేసుకుంటూ, "వీళ్ళంతా మనకోసమేనా? పొరపాటున రాలేదు కదా?" అంది. గోల్ పడినప్పుడు కాళ్ళ కింద సిమెంటు వణికింది.

నేను బెంచీ మీదే ఉన్నాను. బాధ లేదు. అర్జెంటీనా పిల్లలు గట్టివాళ్ళు. ఓడిపోయాక మా దగ్గరకొచ్చి చొక్కాలు మార్చుకుని ఏడుస్తూనే నవ్వారు.

ఒక్కటే అడుగుతాను. ఆగస్టులో పంటల పండగకి మన ఊరి లీగ్ మూడు వారాలు ఆపేస్తారు. నాకు తెలియదా? జెండా పట్టుకుని పెరిగినదాన్ని. మరి ఆ ఆదివారం మీకు ఏ ఆట ఉంది?

టిక్కెట్లు ఇంగ్లండ్ పిల్లలు బసచేసిన హోటల్లో గదులు సర్దే ఆవిడకి ఇచ్చాను. ఆవిడ కూతురితో వచ్చింది.

ఒతీలియా

---

సాంతా ప్రిస్కా
ఆగస్టు 20

ఒతీ,

ఆట చూశాను. బిలియర్డ్స్ హాల్లో టీవీ ఉంది కదా. ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి మీ అమ్మ ముందు వరుసలో కూర్చుని ఉంది! ఆ హాలు కట్టి ముప్పై ఏళ్ళయింది, ఆడమనిషి గడప తొక్కలేదు. మీ అమ్మ వెనకే రొట్టెలావిడ, చర్చిలో పాడే అక్కచెల్లెళ్ళు, టెలిఫోన్ ఆపరేటర్, ఇంకో ముప్పైమంది వచ్చి బల్లల మీద కూడా కూర్చున్నారు. హాలు యజమాని, "అమ్మా, పచ్చగుడ్డ చిరుగుతుంది" అని బతిమాలాడు. మీ అమ్మ, "మా అమ్మాయి బెంచీ మీద కూర్చుంది. నేను బల్ల మీద కూర్చుంటాను. నువ్వు కావాలంటే నిలబడు" అంది.

వాళ్ళ గోల్‌కి ముందు మన ఎడమ బ్యాక్ నిద్రపోతోంది. మీ కోచ్‌కి చెప్పకు, ఆయనకూ కనపడి ఉంటుంది. లైన్స్‌మన్ జెండా రెండుసార్లు ఆలస్యంగా లేచింది.

ఇక్కడ వానలు. హల్వా పార్సెలు మీ అమ్మ మంగళవారం పోస్టు చేసింది.

ఎవరిస్తో సముదియో

---

మెక్సికో నగరం
ఆగస్టు 24

నాన్నగారికి,

ఇంగ్లండ్ మీద నాలుగు–సున్నా. చివరి ఇరవై నిమిషాలు నేను ఆడాను. వాళ్ళలో కొందరు చిన్నపిల్లలు, ఒకమ్మాయికి పదమూడేళ్ళట. దెబ్బలకు కట్లతోనే వచ్చి నిలబడ్డారు. బంతి నా వైపు పదకొండుసార్లు వచ్చింది, ఒక్కటీ పోనివ్వలేదు. ఇది చెప్పాల్సిన సంగతి. చెప్పేశాను.

ఇక పార్సెలు సంగతి. అమ్మ హల్వా అచ్చులను మన ఊరి వారపత్రికలో చుట్టి పంపింది. కాగితం తీసి పారేయబోతూ చదివాను. "సాంతా ప్రిస్కా రిఫరీల సంఘం ప్రకటన" అట. "ఆడవారి శరీరానికీ, గౌరవానికీ తగని ఈ తమాషాను మేము ఖండిస్తున్నాము. మా సభ్యులెవ్వరూ ఇటువంటి ఆటలకు ఈల ఊదరు" అట. కింద పద్నాలుగు పేర్లు. పదకొండోది ఎవరిస్తో సముదియో.

మూడుసార్లు చదివాను. జామపండు జిగురు అంటుకుని ఉంది కానీ మీ పేరు స్పష్టంగానే ఉంది.

ఇప్పుడర్థమైంది టిక్కెట్లెందుకు తిరిగొచ్చాయో. లేని ఆట ఎందుకు ఉందన్నారో. నాన్నా, మీరు ఫుట్‌బాల్ వద్దంటే నేను మానేసేదాన్ని కాదు, కానీ ఎదురుగా అన్నారని గౌరవించేదాన్ని. చూడకపోయినంత మాత్రాన తప్పు తప్పు కాకుండా పోదని నాకు చెప్పింది మీరే. నేను మా కోచ్ ముందుకెళ్ళి ఒప్పుకున్నాను. మీరు నాకొక్క ముక్క రాయలేకపోయారు. ముందు వరుసలో అమ్మ కూర్చుందని సంబరంగా రాశారు. ఆ పక్కన మీరు ఏ మొహంతో నిలబడ్డారు?

మేము ఫైనల్‌కి వస్తే వస్తాం. మీరు మాత్రం రావద్దు. మీరు మెట్ల మీద ఉన్నారని తెలిస్తే నా కాళ్ళు ఆడవు.

ఒతీలియా సముదియో
(మీలాగే పూర్తి పేరుతో.)

---

సాంతా ప్రిస్కా
ఆగస్టు 28

ఒతీలియా,

ఉత్తరం అందింది. పోటీ అయ్యేవరకు వేరే మాటలు వద్దు. ఆట మీద దృష్టి పెట్టు. ఇటలీ వాళ్ళు మోచేతులు వాడతారు. నువ్వు వాడకు.

రావద్దన్నావు. రాను.

ఎవరిస్తో సముదియో

---

మెక్సికో నగరం
ఆగస్టు 31

నాన్నగారికి,

ఇటలీ మీద రెండు–ఒకటి. రెండో సగమంతా ఆడాను. పెదవి చిట్లింది. రెండు కుట్లు.

కాదని ఒక్క మాట రాస్తారేమోనని చూశాను. రాయలేదు. అంటే అంతే అన్నమాట.

ఆదివారం డెన్మార్క్‌తో ఫైనల్. అయ్యాక ఇంటికి రాను, నేరుగా ఫ్యాక్టరీకే. అమ్మకి చెప్పండి.

ఒతీలియా

---

మెక్సికో నగరం
సెప్టెంబరు 7

నాన్నా,

ఓడిపోయాం. మూడు–సున్నా. మీరు చూసే ఉంటారు. డెన్మార్క్ వాళ్ళు మాకంటే బాగా ఆడారు, అంతే. లక్షకు పైనే జనం వచ్చారని చెప్పారు. ఓడాక కూడా వాళ్ళు లేవలేదు. మేం చుట్టూ తిరుగుతుంటే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను చివరి అరగంట ఆడాను. నా వైపు నుంచి గోల్ రాలేదు. మిగతాది తర్వాత.

స్నానం చేసి వెనక గేటు నుంచి బయటికొస్తే వాన. ఆ వానలో తొమ్మిదిమంది ఆడపిల్లలు ఒక దుప్పటి పట్టుకుని నిలబడ్డారు. దుప్పటి మీద సున్నంతో "సాంతా ప్రిస్కా" అని రాసి ఉంది. సున్నం సగం కారిపోయింది. ముందు మన ఆసుపత్రి నర్సు కసిమీరా. నన్ను చూడగానే కావలించుకుంది.

"నువ్వెంత పొట్టిగా ఉన్నావే! టీవీలో పెద్దగా కనపడ్డావు."

"మీరంతా ఎలా వచ్చారు?"

"నిమ్మకాయల లారీలో. మేం జట్టు కట్టాం కదా, తెలీదా? మీ నాన్న చెప్పలేదా?"

"మా నాన్నా?"

"మరి మా రిఫరీ ఎవరనుకున్నావు?"

నేను నవ్వాను, నాన్నా. వెక్కిరిస్తోందనుకున్నాను. "మా నాన్న మీ ఆటకు ఈల ఊదనని పత్రికలో సంతకం చేశారు" అన్నాను. కసిమీరా మొహంలో నవ్వు ఆగిపోయింది.

"పిచ్చిదానా, ఆ పేపర్లో సంఘం వాళ్ళు ఉన్న పేర్లన్నీ వేసేశారు. మీ నాన్న ఒక్కడే సంతకం చేయనన్నాడు. అందుకే బయటికి తోసేశారు. నెలవుతోంది. ఇప్పుడు ప్రతి ఆదివారం మా వాగొడ్డు మైదానంలో మాకు ఈల ఊదుతున్నాడు. పదిహేనో తారీఖున మొదటి ఆట. నేను నాలుగు తప్పులు చేస్తే ఐదు పట్టుకున్నాడు."

వాళ్ళు నా పెదవి కుట్లు చూసి, నొప్పికి ఏడుస్తున్నాననుకున్నారు.

ఆగస్టు ఇరవైనాలుగున రాసిన ఉత్తరం దయచేసి చింపేయకండి. నేను చింపాలి, నా చేత్తో. ఒక మనిషి ఇరవై రెండేళ్ళు వేసుకున్న రిఫరీ నల్లచొక్కాని నా కోసం విప్పేస్తే, నేను ఏ మొహంతో నిలబడ్డారని అడిగాను.

కానీ నాన్నా, ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట. "ఒతీ, అది అబద్ధం." మూడు మాటలు. సంతకం కంటే చిన్నవి.

మీ
ఒతి

---

సాంతా ప్రిస్కా
సెప్టెంబరు 12

ఒతీ, తల్లీ,

అడిగావు కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

ఆగస్టు ఒకటిన సంఘం సమావేశం. ఫిదెన్సియో కాగితం చదివి, అందరి చేతా సంతకాలు పెట్టిస్తూ నా దాకా వచ్చాడు. కలం ఇచ్చాడు. నేను కాగితం ఇంకోసారి చదివాను.

"ఏ నిబంధన ప్రకారం ఇది?" అన్నాను.

"నిబంధన ఏంటయ్యా, మర్యాద."

"మర్యాద పుస్తకంలో ఎన్నో పేజీలో ఉంది? మైదానం ఎంతుండాలో ఉంది, బంతి ఎంత బరువుండాలో ఉంది. ఆడేవాళ్ళు ఎవరుండాలో నాకు కనపడలేదు."

"నీ కూతురు ఆడుతోందని అంటున్నావు."

"నా కూతురు ఆడకపోతే నాకీ ప్రశ్నే వచ్చేది కాదు. ఆ మాట నిజమే. ఆలస్యంగా లేచిన జెండా అని రాసుకో. లేవడం మాత్రం లేచింది."

బ్యాడ్జీ బల్ల మీద పెట్టమన్నారు. పెట్టాను. బయటికొచ్చేసరికి మెట్ల దగ్గర కసిమీరా. ఆసుపత్రి బట్టల్లోనే వచ్చింది. "బ్యాడ్జీ లేని రిఫరీ మాకు పనికొస్తాడు" అంది. ఆ రోజే మాట ఇచ్చాను, పదిహేనో తారీఖు పొద్దున ఆట అని. ఆ మర్నాడే నీ టిక్కెట్లు అందాయి. మాట వెనక్కి తీసుకుని నీ దగ్గరకి రావచ్చు. కానీ పొలాల్లోంచి, కొట్లలోంచి ఎప్పుడూ సెలవు దొరకని ఇరవై రెండు మంది పిల్లలు మొదటిసారి నిక్కర్లు కుట్టించుకుని వస్తున్నారు. రిఫరీ రాకపోతే ఇంకెప్పుడూ రారు. మధ్యాహ్నానికి బిలియర్డ్స్ హాలుకి పరిగెత్తాను, చొక్కాకి బురదతోనే.

నీకెందుకు చెప్పలేదంటే, పోటీ ముందు నీ బుర్రలోకి ఈ రొచ్చు రాకూడదనుకున్నాను. నావల్ల మా నాన్న బ్యాడ్జీ పోయిందని నువ్వు మోస్తూ ఆడకూడదు. అది సరైన నిర్ణయమే అని ఇప్పటికీ అనుకుంటున్నాను.

తర్వాతది కాదు. పేపర్లో నా పేరు వేశారని నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. అదే రోజు ప్రెస్సుకి వెళ్ళి, సవరణ అచ్చుకు కూర్చేదాకా టైపు పెట్టే కుర్రాడి పక్కన కదలకుండా కూర్చున్నాను. నాలుగో తారీఖు సంచికలో ఒక లైను వేశారు. అది పంపితే సరిపోతుందనుకున్నాను. ఆట మధ్యలో రిఫరీ ఎవరికీ సంజాయిషీ ఇవ్వడు. ఇరవై రెండేళ్ళ అలవాటు. నేను తండ్రిని కూడా అన్నది మరిచిపోయాను. నీ ఉత్తరం ఆ వారమంతా జేబులో పెట్టుకుని తిరిగాను. బాధ పడలేదని అబద్ధం చెప్పను. నీ చివరి పేరా చదివిన ప్రతిసారీ పంక్చరు ఎక్కడుందో దొరకలేదు నాకు.

ఫైనల్‌కి వద్దామని నిమ్మకాయల లారీలో ముందు సీటు మాట్లాడుకున్నాను. నువ్వు రావద్దన్నావు కదా అని కసిమీరాని కూర్చోబెట్టాను. మీ అమ్మ నాతో మూడు రోజులు మాట్లాడలేదు. "ఒకరు చెప్పరు, ఒకరు అడగరు. ఇద్దరినీ మైదానం బయటికి పంపాలి" అంది. ఆవిడ తీర్పే సరైనది.

నువ్వు బాగా ఆడావు. అరవై ఎనిమిదో నిమిషంలో ఆ పొడుగమ్మాయిని లైను వైపు నెట్టుకుంటూ పోయిన తీరు, నేనైతే పాఠంగా చెబుతాను.

ఇంటికి రా.

నాన్న

---

మెక్సికో నగరం
నవంబరు 16

ఘనత వహించిన రిఫరీ గారికి,

మన ఊరి నుంచి వచ్చిన బస్సు దిగి పెట్టె కూడా విప్పకుండా రాస్తున్నాను. అక్కడ మీ పిల్లలతో ఆడిన మా ఫ్యాక్టరీ జట్టు మొత్తం నా మీద అలిగింది.

ముందుగా అతిథి మర్యాదలకు కృతజ్ఞతలు. పద్నాలుగు మందిని మన ఇంట్లోనూ పక్కిళ్ళలోనూ పడుకోబెట్టి అమ్మ ఆకుల్లో చుట్టి ఉడికించి పెట్టిన తమాలెల గురించి బస్సంతా మాట్లాడుకున్నాం. వాగొడ్డు మైదానానికి రాళ్ళు ఏరించి, గీతలకు సున్నం కొట్టించారని చూశాను. ఆట చూడటానికి ఆ గట్టు మీద అంతమంది వస్తారనుకోలేదు. మొత్తం నాలుగైదు వందలుంటారా? అస్తెకాలో అన్ని వేలమంది ముందు కూడా నా గుండె అలా కొట్టుకోలేదు. అక్కడ ఎవరూ నన్ను ముద్దుపేరుతో పిలిచి తిట్టలేదు కదా.

ఇప్పుడు అసలు సంగతి. ఎనభై ఎనిమిదో నిమిషం. ఒకటి–ఒకటి. కసిమీరా బంతితో వస్తోంది. నేను బంతినే తాకాను. బంతిని! ఆమె పడిపోయింది, నిజమే, వానకి నేల జారుతోంది. మీరు ఇరవై గజాల దూరం నుంచి పరిగెత్తుకొచ్చి నా మొహంలో ఈల ఊది పెనాల్టీ చూపించారు. "నాన్నా, బంతి!" అన్నాను. "నాన్న గట్టు మీద కూర్చుంటాడు. ఇక్కడ రిఫరీ ఉన్నాడు" అన్నారు. గట్టు మీద అమ్మతో సహా అందరూ నవ్వారు. మేం ఓడిపోయాం.

ఇక్కడి కబుర్లు అంత బాగాలేవు. పెద్ద స్టేడియాలు మాకిక దొరకవంటున్నారు. సెప్టెంబరులో మా ఫోటోలు వేసిన పత్రికలు ఇప్పుడు ఫోను చేస్తే లైన్లోకే రావట్లేదు. మా కెప్టెన్ మళ్ళీ మిషను కుట్టుకుంటోంది. మూడో గోల్‌కీపర్ స్కూల్లో పంతులమ్మగా చేరి, ఎనిమిదిమంది పిల్లలకు గోల్ కీపింగ్ నేర్పుతోందట, ఎనిమిదిమందీ గోల్‌కీపర్లే! బిస్కెట్ల ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలం మేస్త్రీ మాకిచ్చాడు. గురువారం, శనివారం ఆడుతున్నాం. పదకొండు మందితో మొదలుపెట్టాం, ఇప్పుడు ముప్పైనాలుగు. రెండో జట్టు కట్టాలి. నేను దిగులుగా లేను. ఎవరూ అనుమతి ఇవ్వకముందు కూడా ఆడాం కదా.

కానీ అది పెనాల్టీ కాదు.

మీ కూతురు, బాధితురాలు
ఒతి

---

సాంతా ప్రిస్కా
నవంబరు 23

ఒతీ,

ముందు కాలు తాకావు, తర్వాత బంతి. నేను పద్దెనిమిది గజాల దూరంలో ఉన్నాను, ఇరవై కాదు. మీ అమ్మ నీ పక్షమే. ఆవిడ అప్పీలు కూడా కొట్టేశాను. ఇక దీని గురించి రాయకు. రాస్తావని తెలుసు.

శుక్రవారం ఫిదెన్సియో కొట్టుకొచ్చాడు. ఈసారి సైకిలు లేదు. చేతిలో చిన్న డబ్బా, అందులో నా బ్యాడ్జీ. మగవాళ్ళ జిల్లా ఫైనల్ ఆ ఆదివారమే. సెమీఫైనల్‌కి ఈల ఊదిన కొత్త కుర్రాణ్ణి రెండు జట్లూ కలిసి చర్చి దాకా తరిమాయట, ఫాదర్ తలుపేసి కాపాడాడు.

స్టూలు లాక్కుని కూర్చుని, "మనలో మనకేంటి ఎవరిస్తో. జరిగిందేదో జరిగింది. ఇదిగో నీ బ్యాడ్జీ. ఆ వాగొడ్డు ఆటలు మాత్రం ఆపెయ్. నీ స్థాయికి తగవు" అన్నాడు.

చెయిను గ్రీజు తుడుచుకుని డబ్బా మూత తీసి చూశాను. తళతళలాడేలా తోమించాడు పాపం. ఇరవై రెండేళ్ళ వస్తువు. మనసు లాగలేదని అనను.

"ఫైనల్ ఎన్నింటికి?"

"ఆదివారం పదకొండింటికి."

"అయితే కుదరదయ్యా. పదకొండింటికి నాకు ఆట ఉంది."

"ఆ ఆడపిల్లలదేగా? వచ్చే వారానికి మార్చుకోమను."

"వచ్చే వారం ఇంకో ఆట ఉంది. ఆ పై వారం ఇంకోటి. పండగ వారం ఒకటి ఖాళీ ఉండేది, నిన్ననే పొరుగూరి వాళ్ళొచ్చి అదీ రాయించుకుపోయారు. నీ ఫైనల్‌నే బుధవారానికి మార్చరాదూ? బుధవారాలు ఖాళీయే నాకు."

వేళాకోళం ఆడుతున్నానేమోనని ఆయన నా మొహంలో వెతికాడు. నేను సోమవారం నుంచి గోడకు వేలాడుతున్న ఆటల పలక చూపించాను. మీ అమ్మ చేతిరాత, జనవరి నెలాఖరు దాకా నిండిపోయింది. డబ్బా మూసి జేబులో పెట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "నిజంగా అన్ని జట్లున్నాయా?" అన్నాడు. "ఏడు" అన్నాను. టోపీ పెట్టుకుని వెళ్ళాడు.

ఆదివారం పొద్దున పొగమంచు విడిచాక మైదానానికి వెళ్ళాను. మావాళ్ళకి ఎదురుగా కొండ మీది ఊరి జట్టు. తెల్లవారుజామున నడక మొదలుపెట్టి వచ్చారు, పదకొండు మందికి తొమ్మిది జతల బూట్లు. బూట్లు లేని ఇద్దరు అక్కచెల్లెళ్ళు విరామంలో మిగతావాళ్ళతో మార్చుకుంటామన్నారు. కసిమీరా తన సంచిలోంచి రెండు జతలు తీసి వాళ్ళకిచ్చింది. నాణెం ఎగరేశాను. వైపులు ఎంచుకున్నారు. గట్టు మీద మీ అమ్మ దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఇటు పదకొండు మంది, అటు పదకొండు మంది. వాచీ చూసుకున్నాను.

ఈల ఊదాను.

నాన్న